జె. బి. యస్. హాల్డేన్ – పారిజాతపు రేకుల లెక్క

కార్తిక మాసపు తొలి దినాలలో మా కళాశాల విద్యార్థులతో కలిసి విజ్ఞాన యాత్రకై అనంతగిరి వెళ్ళాము. శృంగవరపుకోట దాటి ఘాటు రోడ్డు ఎక్కిన కొద్దీ చలి పెరుగుతుంది. మిరియపు తీగలు అల్లుకొన్న పొడవైన నీడచెట్లు, వాటి క్రింద దట్టంగా కాఫీ పొదలు కనులపండువు గావిస్తాయి. మరునాటి ఉదయం మేము బస చేసిన ఇంటి ఆవరణలో ఒక పారిజాతపు చెట్టు క్రింద నేల తెల్లబడి ఉన్నది. విద్యార్థినులు పూలు ఏరుకొంటూ ఉండగా వారిలో ఒకామె రేకులు లెక్కించనారంభించినది. ఒక పూవునకు ఆరు, మరొకదానికి ఏడు, వేరొకదానికి అయిదు, ఇంకొకదానికి ఎనిమిది. ఒకే విత్తనం నుండి మొలిచిన ఒకే చెట్టు, ఒకే నేల, ఒకే వాన; పూలు మాత్రం ఒకే లెక్కకు ఎందుకు రావు? ఆమె ఈ ప్రశ్నను నా ముందుంచినది.

నేను తెలుగు బోధించేవాడను. పారిజాతం అనగానే నాకు సత్యభామ అలుక జ్ఞప్తికి వస్తుందే గాని రేకుల లెక్క తోచదు. మా వృక్షశాస్త్రోపన్యాసకులు మాత్రం చిరునవ్వు నవ్వి, ఇదే ప్రశ్నను ప్రపంచ ప్రఖ్యాతుడైన ఒక శాస్త్రవేత్త తన జీవిత చరమదశలో మన దేశంలో కూర్చుండి ఆలోచించినాడని చెప్పారు. ఆయనే జె. బి. యస్. హాల్డేన్. తిరుగు ప్రయాణంలో వారు చెప్పిన విషయాలను, అటు తరువాత నేను చదివి గ్రహించిన వానిని విద్యార్థి మిత్రులకు నివేదిస్తున్నాను.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరంలో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధనలు గావించిన మహావైద్యశాస్త్రజ్ఞుడు. ఈ తండ్రిని గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఎందుకంటే కుమారుని కథకు కీలకం అక్కడే ఉన్నది. మనం ఊపిరి పీల్చే వేగాన్ని నిర్ణయించేది ఏది? ప్రాణవాయువు కొరత అని సామాన్యంగా అనుకొంటాము. స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే సహచరునితో కలిసి 1905లో ప్రకటించిన పరిశోధనలో తేల్చినది వేరు. ఊపిరితిత్తులలోని బొగ్గుపులుసు వాయువు ఏ కొంచెం పెరిగినా శ్వాస వెంటనే వేగవంతమై, పెరిగిన వాయువును బయటకు పంపివేస్తుంది. అది తగ్గగానే శ్వాస తిరిగి నెమ్మదిస్తుంది. అనగా ఫలితమే వెనుకకు వచ్చి తనకు కారణమైన దానిని అదుపు చేస్తుంది. దీనినే నేడు ఫీడ్‌బ్యాక్ అంటున్నారు. ఆ మాట అప్పటికి వైద్యశాస్త్రంలో వాడుకలోనికి రాలేదు గాని విషయం అదే. ఎసరు పొంగబోతున్నదని చూచి మంట తగ్గించి, ఉడుకు తగ్గినదని చూచి మరల మంట ఎగదోసే మన ఇంటి ఇల్లాలు చేసే పని కూడ ఇదే.

ఆ తండ్రి పెంపకం విచిత్రమైనది. గనులలోని విషవాయువులను పరీక్షించేందుకు పిల్లవానిని వెంటబెట్టుకొని వెళ్ళేవాడు. ఒక గనిలో పైకప్పు వద్ద పేరుకొన్న మీథేను వాయువులో బాలుని నిలబెట్టి షేక్‌స్పియరు నాటకంలోని ఒక ఉపన్యాసాన్ని వల్లించమన్నాడు. కొంత సేపటికి బాలుడు ఊపిరాడక క్రింద పడిపోయినాడు. నేల వద్ద గాలి మంచిది కాబట్టి తేరుకొన్నాడు. ఆ వాయువు తేలికగా పైన నిలుస్తుందన్న పాఠం ఆ విధంగా వంటబట్టినది. నేటి తల్లిదండ్రులు దీనిని ఆమోదింపరు, నేనూ ఆమోదింపను. అయితే తన శరీరాన్నే ప్రయోగశాలగా భావించే స్వభావం ఆయనకు అక్కడనే అలవడినది. పెద్దవాడైన పిమ్మట హాల్డేన్ అమ్మోనియం క్లోరైడును నీటిలో కలిపి త్రాగి తన నెత్తుటిని ఆమ్లపూరితం గావించుకొని, దినాల తరబడి రొప్పుతూ, శరీరం తిరిగి తన సమస్థితికి ఎట్లు చేరుకొంటున్నదో కొలిచి వ్రాసుకొన్నాడు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినపుడు, మూసిన ఉక్కుగదిలో తాను కూర్చుండి వారి మరణకారణాన్ని శోధించినాడు. ఆ ప్రయోగాలలో ఆయన వెన్నెముకకు దెబ్బ తగిలింది, చెవిపొర చినిగింది.

చదువులో ఆయన దారి మరీ చిత్రం. ఈటన్ పాఠశాల పిమ్మట ఆక్స్‌ఫర్డులో గణితము, తరువాత గ్రీకు లాటిను సాహిత్యము, తత్త్వశాస్త్రము చదివి 1914లో పట్టభద్రుడైనాడు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టం లేదు. సాహిత్య విద్యార్థులు తమకు శాస్త్రం అందని ద్రాక్ష అని చేతులు ముడుచుకొన్నపుడెల్ల నేను ఈ సంగతి చెబుతూ ఉంటాను. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడుగా పోరాడుతున్న కాలంలోనే, 1915లో, చెల్లెలు నవోమితోను, ఎ. డి. స్ప్రంట్ అనే మిత్రునితోను కలిసి ఎలుకలలో జన్యువుల సహలగ్నతపై వ్యాసం ప్రకటించినాడు. వ్యాసం వెలువడేనాటికే స్ప్రంట్ యుద్ధంలో అసువులు బాసినాడు. మెసొపొటేమియాలో గాయపడి, కోలుకొనేందుకు హాల్డేన్ భారతదేశానికి చేర్చబడినాడు. ఈ దేశంపై ఆయనకు మమకారం ఏర్పడినది అప్పుడే.

1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్ర రీడరుగా చేరినాడు. జి. ఇ. బ్రిగ్స్‌తో కలిసి 1925లో ఎంజైముల వేగాన్ని తెలిపే సమీకరణాన్ని సవరించినాడు. అది నేటికీ డిగ్రీ తరగతులలో పాఠ్యాంశమే. 1924 నుండి ప్రకృతి వరణాన్ని గణితబద్ధం గావించే వ్యాసపరంపరను ఆరంభించి, ఫిషర్, రైట్ అనే మరి ఇద్దరితో పాటు నేటి పరిణామశాస్త్రానికి పునాది వేసినాడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1933లో లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్య పదవి లభించాయి. మానవునిలో ఒక జన్యువు ఎంత తరచుగా ఉత్పరివర్తనం చెందుతుందో హీమోఫీలియా రోగం ఆధారంగా 1935లో తొలిసారి అంచనా కట్టినాడు. 1937లో జూలియా బెల్‌తో కలిసి హీమోఫీలియా, వర్ణాంధతల జన్యువులు ఒకే క్రోమోజోముపై సమీపంగా ఉన్నవని చూపినాడు. 1949లో ఆయన సూచించిన ఒక ఊహ మన మన్యానికి చాల దగ్గరిది. తలసీమియా వంటి రక్తదోషాలు చలిజ్వరపు సీమలలో అధికంగా ఉండుటకు కారణం, ఆ దోషం ఒక పాలు మాత్రమే సంక్రమించినవారికి మలేరియా నుండి రక్షణ లభించుటే కావచ్చునన్నాడు. 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయమై దీనిని నిరూపించినాడు. అరకు, పాడేరు ప్రాంతాల గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ రక్తదోషానికి, అక్కడి మలేరియాకు గల బంధుత్వం ఇదే.

ఇంతటి మేధావి రాజకీయాలలో తప్పటడుగు వేయలేదని నేను అనను. కమ్యూనిస్టు భావాలకు ఆకర్షితుడై ఆ పార్టీలో చేరినాడు. రష్యాలో లైసెంకో అనే వ్యక్తి అధికార బలంతో జన్యుశాస్త్రాన్ని తుడిచిపెట్టుతున్నపుడు, తనను 1928లో ఆ దేశానికి ఆహ్వానించిన మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ చెరసాలలో పడి 1943లో మరణించినప్పటికీ, హాల్డేన్ చాల కాలం సూటిగా ఖండింపలేదు. తరువాత పార్టీకి దూరమైనాడు గాని, ఆ మౌనం ఆయన కీర్తిపై మచ్చగానే మిగిలినది.

1957లో, అరువది నాలుగేండ్ల వయసున, ఆయన లండను వదలి భార్య హెలెన్ స్పర్‌వేతో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరినారు. ఆహ్వానించినవారు మహలనోబిస్. సూయెజ్‌పై బ్రిటను సాగించిన దాడి తనను స్వదేశానికి విముఖుని చేసినదని ఆయన చెప్పుకొన్నారు. కుర్తా, ధోవతి ధరించినారు, శాకాహారి అయినారు, కాలక్రమాన భారత పౌరసత్వం స్వీకరించినారు. తాను సంపాదకత్వం వహిస్తున్న జెనెటిక్సు పత్రికను కూడ వెంట తెచ్చుకొన్నారు. ఖరీదైన యంత్రాలు లేని దేశంలో జీవశాస్త్రం సాగదన్న నిస్పృహను ఆయన అంగీకరింపలేదు. జంతువులను హింసింపకుండ, కన్నులతో చూచి చేతులతో లెక్కించి చేయదగిన పరిశోధన ఇక్కడ కొండంత ఉన్నదని యువకులకు బోధించినారు.

ఆయన చుట్టూ చేరిన యువకులలో మన పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. లాంటానా పూల రంగులను బట్టి సీతాకోకచిలుకలు వేర్వేరుగా వ్రాలడాన్ని ఆయన గమనించి ప్రకటించినారు. ఆ లాంటానా అనంతగిరి దారి పొడవునా మనకు కనిపించే కంపయే. ఆయనయే డాక్టర్ పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలను, మేనమామ–మేనకోడళ్ళ వివాహాలను, వాటి ఫలితాలను పరిశీలించి 1960 దశకపు తొలి సంవత్సరాలలో ప్రకటించినారు. మీరాఖాన్ తరువాత హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్రజ్ఞులుగా పేరు గడించినారు. దగ్గరి బంధువుల మధ్య పెండ్లిండ్లు మన హిందూ ముస్లిం కుటుంబాలు రెండింటిలోను సాగే ఆచారమే కాబట్టి ఈ పరిశోధన మన ఇండ్లలోనికి తొంగిచూచినదని చెప్పవచ్చును.

ఇప్పుడు పారిజాతం వద్దకు వద్దాము. సుబోధ్ కుమార్ రాయ్ అనే సహచరుడు హాల్డేన్ ప్రోత్సాహంతో ఒకే మొక్కకు పూచిన పూల రేకులను ఓపికగా లెక్కించినారు. ఒకే మొక్క అవయవాలలోని వైవిధ్యంపై ఆయన వ్యాసం 1963లో హాల్డేన్ పత్రికలో వెలువడినది. ఈ లెక్కలో ఏమి గొప్ప అని విద్యార్థులు శంకింపవచ్చును. ప్రాణులలోని భేదాలకు వంశపారంపర్యము, పరిసరాలు అనే రెండే కారణాలని చాల మంది భావిస్తారు. ఒకే చెట్టు కొమ్మకు ప్రక్కప్రక్కన పూచిన రెండు పూలకు జన్యువులు ఒకటే, ఎండ వాన ఒకటే. అయినను ఒకటి ఆరు రేకులది, ఒకటి ఏడు రేకులది. ఈ మూడవ భేదం ఎక్కడిది? అది యాదృచ్ఛికం.

కొబ్బరిచెట్టు ఇందుకు మరొక సాక్షి. కొబ్బరి ఆకులు కాండం చుట్టు కొన్ని చెట్లలో ఎడమకు, కొన్నింటిలో కుడికి మెలి తిరిగి పుట్టుతాయి. టి. ఏ. డేవిస్ దీనిని వేలాది చెట్లలో లెక్కించి, తల్లిచెట్టు ఎటు తిరిగినదైనను పిల్లచెట్లు ఇంచుమించు సగం ఇటు, సగం అటు ఉంటాయని 1962లో హాల్డేన్ పత్రికలోనే ప్రకటించినారు. మొలకలో ఎప్పుడో ఒకసారి పడిన బొమ్మా బొరుసు వంటి నిర్ణయం చెట్టు ఆయుర్దాయమంతా మారదు. కోనసీమ తోటలలో నడిచేవారు తలయెత్తి చూచినచో ఈ వింత ఎవరికైనను కనిపిస్తుంది.

ఆ యాదృచ్ఛికత జన్యువు చెంతనే ఉన్నదని హాల్డేన్ మరణించిన చాల కాలానికి గాని ప్రయోగపూర్వకంగా తేలలేదు. జన్యువు నుండి ఆర్. ఎన్. ఎ. అనే నకలు, దాని నుండి మాంసకృత్తు తయారవుతాయి. ఈ నకలు తీసే పని మిల్లు యంత్రంలా సమానంగా సాగదు. అణువులు ఒకదానినొకటి తారసిల్లితేనే పని జరుగుతుంది, తారసిల్లడం అదృష్టవశం. సంఖ్య పెద్దదైనపుడు ఈ ఒడుదుడుకులు కనబడవు. సగటున పదివేల అణువులున్నచోట హెచ్చుతగ్గులు వంద మాత్రమే, అనగా నూటికి ఒకటి. సగటున పది అణువులే ఉన్నచోట హెచ్చుతగ్గు మూడు, అనగా నూటికి ముప్పది. మన ప్రేగులలో నివసించే ఇ. కోలై అనే సూక్ష్మజీవిలో పాలచక్కెర జన్యువులను అణచిపెట్టే మాంసకృత్తు కణానికి పదింటికి అటు ఇటుగా మాత్రమే ఉంటుంది. 2002లో ఎలోవిట్జ్, ఆయన సహచరులు ఒకే ఆజ్ఞకు లోబడిన రెండు జన్యువులకు రెండు రంగుల కాంతినిచ్చే మాంసకృత్తులను జతపరచి చూచినారు. ఒకే కణంలో సైతం రెండు రంగులు సమానంగా వెలగలేదు. ఈ అస్థిరతను శాస్త్రజ్ఞులు రొద అని వ్యవహరిస్తున్నారు. రేడియోలో పాటకు అడ్డుతగిలే గరగర వంటిదన్నమాట.

మరి ఇంత రొదలో జీవం నిలకడగా ఎట్లు సాగుతున్నది? ఇక్కడ తండ్రి హాల్డేన్ కనిపెట్టిన సూత్రమే తిరిగి తలయెత్తుతున్నది. జన్యువు తయారు చేసిన మాంసకృత్తే వెనుకకు వచ్చి ఆ జన్యువును అణచుట ఒక పద్ధతి. మాంసకృత్తు ఎక్కువైనచో ఉత్పత్తి తగ్గుతుంది, తక్కువైనచో హెచ్చుతుంది. బెక్‌స్కై, సెర్రానో అనే ఇద్దరు 2000లో ఇట్టి వలయాన్ని తమ చేతులతో నిర్మించి సూక్ష్మజీవిలో పెట్టి, కణానికి కణానికి మధ్య భేదం గణనీయంగా తగ్గినదని చూపినారు. ఇ. కోలైలో జన్యువులను నియంత్రించే మాంసకృత్తులలో ఇంచుమించు నూటికి నలుబది తమ జన్యువును తామే అణచుకొనే రకానివట. ప్రకృతి ఈ ఉపాయాన్ని ఎంత ఇష్టపడినదో దీనిని బట్టి ఊహించుకోవచ్చును.

అయితే ఈ అదుపు ఉచితంగా లభించేది కాదు. మంట తగ్గించడంలో ఇల్లాలు ఆలస్యం చేసినచో ఎసరు పొంగిపోతుంది. పొంగిన తరువాత తగ్గించి మరచిపోయినచో అన్నం పలుకుతుంది. అట్లే, అణచివేత ఆలస్యంగా అందినపుడు నిలకడకు బదులు ఊగిసలాట పుట్టుతుంది. కబురు మోసే అణువులే కొద్దిగా ఉన్నచో ఆ కబురులోనే రొద చేరుతుంది. లెస్టాస్, విన్నికోంబ్, పాల్సన్ అనే వారు 2010లో గణితం ద్వారా ఒక హద్దు కనిపెట్టినారు. దాని ప్రకారం రొదను సగానికి తగ్గించాలంటే కబుర్ల సంఖ్యను పదహారు రెట్లు పెంచవలె. ఏ పేద కణం ఇంత ఖర్చు భరిస్తుంది? అందుచేతనే కాబోలు, అత్యవసరమైనచోట మాత్రమే జీవకణం ఇంత క్రమశిక్షణ పాటించి, మిగిలినచోట సర్దుకొనిపోతున్నది.

దీనికి విరుద్ధమైన వలయం కూడ ఉన్నది. మాంసకృత్తు తన జన్యువును తానే మరింత ప్రోత్సహించినచో చిన్న భేదం పెద్దదవుతుంది. ఒకే పాత్రలోని ఒకే వంశపు సూక్ష్మజీవులు, కొన్ని పాలచక్కెరను పూర్తిగా వాడుకొనేవిగా, కొన్ని బొత్తిగా ముట్టనివిగా రెండు తెగలుగా చీలిపోవడాన్ని నోవిక్, వీనర్‌లు 1957లోనే చూపినారు. హాల్డేన్ కలకత్తాలో అడుగిడిన సంవత్సరమే అది. కొబ్బరి మెలికకు కారణం కూడ ఇట్టి వలయమేనని నేను చెప్పబోవడం లేదు, పోలిక మాత్రం మనసుకు తోస్తుంది. రేకుల విషయంలో కొంత వెలుగు దొరికినది. ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కకు ఎప్పుడును నాలుగే రేకులు. దాని దగ్గరి చుట్టమైన మరొక మొక్కకు సున్న నుండి నాలుగు వరకు ఎన్నియైనను ఉండవచ్చును. మొదటి మొక్కలో సంఖ్యను చెదరనీయకుండ కాపాడుతున్నది ఏపిటాలా-1 అనే జన్యువని 2018లో వెల్లడియైనది. అనగా నాలుగు రేకుల క్రమం దానంతటదే వచ్చినది కాదు. కాపలా ఉన్నందున నిలిచినది. పారిజాతంలో ఆ కాపలా కొంత సడలినదని మా వృక్షశాస్త్రోపన్యాసకుల అభిప్రాయం.

తండ్రి నిలకడను పరిశోధించినాడు, కుమారుడు తుదకు చెదురుబాటును లెక్కింపజేసినాడు. ఈ రెండు దారులు కలిసే చోటును హాల్డేన్ చూడలేదు. చూచే వ్యవధి కూడ ఆయనకు మిగలలేదు. సంస్థతో అభిప్రాయభేదాలు వచ్చి 1961లో కలకత్తా పదవిని వదలుకొన్నారు. ఒడిషా ప్రభుత్వపు ఆహ్వానంపై 1962లో భువనేశ్వర్ చేరి, జన్యుశాస్త్ర, జీవగణాంక పరిశోధనాలయాన్ని నెలకొల్పినారు. కుదురుకొన్న రెండేండ్లకే క్యాన్సరు వ్యాధి బయటపడినది. లండనులో శస్త్రచికిత్స పొందుతూ, ఆసుపత్రి మంచంపై నుండి తన వ్యాధిని పరిహసిస్తూ పద్యం వ్రాసి అచ్చొత్తించిన ధీరుడాయన. వ్యాధి లక్షణాలను దాచక, వేళకు వైద్యుని చూడుమని పదిమందికి చెప్పుట ఆ పద్యపు ఉద్దేశం.

1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూసినారు. హెలెన్ స్పర్‌వే ఇంగ్లండుకు మరలిపోలేదు. జెనెటిక్సు పత్రికను కొంతకాలం నడపి, తరువాత హైదరాబాదులో నివసించి 1978లో ఆ నగరంలోనే మరణించినారు. నిలిచిపోయిన పత్రికను 1985లో భారత విజ్ఞాన అకాడమీ బెంగుళూరులో పునరుద్ధరించినది. హాల్డేన్ తన వీలునామాలో, జీవించి ఉండగా తన దేహం పరిశోధనకు ఉపయోగపడినట్లే మరణానంతరం కూడ ఉపయోగపడవలెనని, అది చెడకుండ చల్లబరచుటకయ్యే వ్యయాన్ని తన ఆస్తి నుండి అన్నింటికంటె ముందు చెల్లింపవలెనని వ్రాసియుంచినారు. ఆ కోరిక మేరకు ఆయన దేహాన్ని ఆంధ్రదేశానికి తెచ్చి, కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు, అక్కడి విద్యార్థుల చదువు నిమిత్తం అప్పగించినారు.